రెండు రాజ్యముల హద్దున చెఱువు

కడప సీమలోని పోరుమామిళ్లలో, భైరవుని గుడి ముందఱ, రెండు ఱాతి పలకలపై చెక్కిన శాసనమొకటి కలదు. శాలివాహన శకము 1291, అనగా క్రీస్తు శకము 1369వ సంవత్సరమున, బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు అచ్చట నొక పెద్ద చెఱువు కట్టించి, దానికి అనంతరాజసాగరమని పేరిడి, ఈ శాసనమును వేయించెను. భాష సంస్కృతము, లిపి తెలుగు. ప్రతిదినము వేయిమంది కూలీలు పనిచేసిరనియు, ఱాయి తోలుటకు నూఱు బండ్లు నడచెననియు, పని ముగియుటకు రెండేండ్లు పట్టెననియు అందు చెప్పబడినది. చెఱువులు త్రవ్వించిన రాజుల శాసనములు దక్షిణదేశమున కొల్లలుగా నున్నవి. కాని ఈ శాసనమునకు వేఱొక విశేషము కలదు. చెఱువు చక్కగా కుదురుటకు కావలసిన సాధనములు పండ్రెండును, చెఱువునకు దాపురించు దోషములు ఆఱును ఇందు లెక్కించి చెప్పిరి.

సాధనములలో ధర్మపరుడగు రాజు, జలశాస్త్ర మెఱిగిన పండితుడు, గట్టి నేల, మూడు యోజనముల దూరమునుండి పాఱివచ్చు తీయనీటి యేఱు, ఇరుప్రక్కల నొఱసికొని నిలిచిన కొండలు, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవు గాని గట్టి ఱాతికట్ట, పనితనముగల కూలీల గుంపు మున్నగునవి కలవు. దోషములలో కట్టనుండి నీరు కాఱుట, చవిటి నేల, చెఱువు గర్భమున తాబేటి వీపువలె మెట్ట లేచుట, నీరు తక్కువై భూమి యెక్కువగుట, భూమి తక్కువై నీరెక్కువగుట అను నైదును ఇంజనీర్లు చెప్పదగిన మాటలే. తక్కిన దోషము మాత్రము ఇంజనీరు చెప్పునది కాదు. రెండు రాజ్యముల సరిహద్దున చెఱువు ఉండుట దోషమని అందు వ్రాసినారు.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తరతరములుగా కాపురములున్న మన తెలుగు కుటుంబములవారు ఈ యొక్క మాటను కొంచెము నిలిచి ఆలోచింపవలసి యున్నది. హోసూరు ప్రక్కనున్న కెలవరపల్లి జలాశయము నేడు తెల్లని నురుగు కప్పుకొని, దుర్గంధముతో, చచ్చిన చేపలతో వార్తాపత్రికల కెక్కుచున్నది. దాని రోగము పోరుమామిళ్ల శాసనములో నున్న ఆ దోషమేయని నా తలంపు.

అయితే 1369లో ఇచ్చట ఆ దోషము లేదు. ఆనాడు తుంగభద్ర మొదలుకొని ఈ సీమవఱకు విజయనగరపు ఏలుబడియే. మనకు సమీపముననే యున్న ముళబాగిలు నుండి బుక్కరాయల మఱియొక కుమారుడు కంపరాయలు పాలించెను. నందికొండల ప్రాంతమున పుట్టిన పినాకిని నదులు రెండు. ఉత్తర పినాకిని మన పెన్న. అది కడప, నెల్లూరు సీమలను తడిపి సముద్రమున కలియును. దక్షిణ పినాకిని హోసకోట, హోసూరు, కృష్ణగిరి, సాత్తనూరు దారిని పోయి కడలూరు వద్ద సముద్రమును చేరును. దీనినే తమిళులు తెన్‌పెణ్ణై యందురు. పోరుమామిళ్ల చెఱువు అక్క పరీవాహమునను, కెలవరపల్లి చెల్లెలి పరీవాహమునను ఉన్నవని చెప్పవచ్చును.

ఈ సీమలో ఊళ్ల పేర్లు చూచినను చెఱువుల ప్రాధాన్యము తెలియును. సముద్రమను మాటతో ముగియు పల్లెలు ఇచ్చట పెక్కులు. సముద్రమునకు నూఱు క్రోసుల దూరమున నున్న మెట్టనేలలో ఈ పేర్లు ఎచ్చటినుండి వచ్చెను? చెఱువు కట్టించినవాడు తన చెఱువును సముద్రమనుకొని మురిసెను. ఊరివారును అట్లే పిలిచిరి. కృష్ణగిరి చేరువనున్న దేవసముద్రము అట్టిదే. మాటలో నలిగి సముద్రము కాస్తయు సంద్రమైనది. సప్తసంతానములలో తటాకము నొకటిగా నెన్నిన జాతికి ఈ మురిపెము సహజమే.

చెఱువు కట్టుట కంటె చెఱువు నిలుపుట కష్టము. కట్టినవానికి పుణ్యము, పేరు దక్కును. పూడిక తీసినవాని పేరు ఏ శాసనములోను కానరాదు. అందుచే పూర్వులు నిలుపుటకు కావలసిన ధనమును చెఱువులోనుండియే పుట్టించు ఏర్పాటు చేసిరి. రాయలసీమలో దశబంధ ఇనాములుండెడివి. చెఱువు కట్టి బాగుచేయువానికి ఆదాయములో పదియవ వంతు, లేక దానికి తగిన భూమి, విడిచిపెట్టెడివారు. తూము తెఱచి మూసి, ఏ మడికి ఎంత నీరో పంచి, వఱద రాత్రులందు కట్టపై కాపుండు నీరుగంటికి పంట కళ్లమున వంతు నిచ్చెడివారు. తమిళదేశపు శాసనములలో పాశిపాట్టమను మాట కనుపించును. చెఱువులోని చేపలను పట్టుకొను హక్కును గుత్తకిచ్చి, ఆ పాట సొమ్మును చెఱువు మరమ్మతునకు కేటాయించుట దీని యర్థము. చెంగల్పట్టు సీమలోని ఉత్తరమేరూరు శాసనములు 919, 921 సంవత్సరములవి. అందు ఊరి సభలో చెఱువునకే ప్రత్యేకముగా ఆఱుగురు సభ్యుల వారియము నెన్నుకొను పద్ధతి వివరింపబడినది. అర్థశాస్త్రము సైతము చెఱువులలోని చేపలును, పడవరేవును, నీటి కూరలును రాజునకు చెందవలెనని చెప్పి, నీటి తావులలో మలమూత్రములు విడిచినవారికి జరిమానా విధించినది.

చేప సొమ్ము చెఱువునకే యను ఈ ఏర్పాటు చూచుటకు చిన్నదిగా తోచును. కాని దీనిలో గొప్ప యుక్తి కలదు. నీరు చెడినచో చేప చచ్చును; చేప చచ్చినచో పాట పడిపోవును; పాట పడిపోయినచో సభవారికి వెంటనే తెలియును. ఏ పరీక్షాశాలయు లేని కాలమున చెఱువు ఆరోగ్యమును సంవత్సరమున కొకతూరి రూపాయలలో తూచి చూపు తరాజు అది.

ఈ సీమకు సరిహద్దు దోషము ఎప్పుడు పట్టినదో తారీఖులతో చెప్పవచ్చును. 1792లో టిప్పు సుల్తానుతో జరిగిన సంధిచే బారామహలు, అనగా కృష్ణగిరి ప్రాంతము, కుంపిణీ వశమయ్యెను. కెప్టెను రీడు, ఆయన క్రింద మన్రో అచ్చట రివెన్యూ బందోబస్తు నడపిరి. రాయలసీమ వారందఱును ఎఱిగిన ఆ మన్రోయే. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిమ్మట హోసూరు సీమయు కుంపిణీకి చేరెను. బెంగళూరు మైసూరు రాజ్యమున నుండిపోయెను. నాడు గీచిన ఆ గీత సుమారుగా నేటి కర్ణాటక తమిళనాడుల సరిహద్దే. సేలం జిల్లాలో నుండిన ఈ తాలూకాలు 1965లో ధర్మపురి జిల్లాలోనికి, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికి మాఱినవి. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రము లేర్పడినప్పుడు తెలుగు, కన్నడము, తమిళము ముప్పేటగా అల్లుకొనియున్న హోసూరు మదరాసు రాష్ట్రముననే నిలిచెను. జిల్లా పేరు మాఱినను, రాష్ట్రము పేరు మాఱినను, పై గీత మాఱలేదు. నది మాత్రము ఆ గీతను ఎన్నడును గుర్తింపలేదు.

1892 ఫిబ్రవరిలో మైసూరు, మదరాసు ప్రభుత్వముల నడుమ నదీజలములను గూర్చి యొక ఒడంబడిక జరిగెను. ఎగువనున్న మైసూరువారు కొన్ని నదులపై క్రొత్తగా నీటిపాఱుదల పనులు చేపట్టునప్పుడు ముందుగా మదరాసు సమ్మతి పొందవలెనని దాని సారాంశము. దస్త్రముల నడుమ ఉద్యోగకాలము గడపినవాడను గనుక, నాకు ఇట్టి కాగితములలో ఏమున్నదో యను దానికంటె ఏమి లేదో చూచుట అలవాటు. ఆ యొడంబడికలో నీరు ఎంత యను చింతయే కాని, ఆ నీరు ఎట్టిది యను చింత లేదు. ఆనాటివారిని తప్పు పట్టుటకు వీలులేదు. ఎగువ దేశము దిగువకు నీరు రాకుండ ఆపునను భయమే వారికి తెలిసినది; త్రాగరాని నీరు నిండుగా పంపునను భయము వారి ఊహకే అందలేదు. దక్షిణ పినాకిని ఉపనదియగు మార్కండేయ నదిపై యరగోళు వద్ద కర్ణాటకవారు కట్టిన ఆనకట్టను గూర్చి తమిళనాడు సుప్రీంకోర్టున వేసిన అర్జీ 2019 నవంబరులో త్రోసివేయబడినప్పుడు కూడ, చర్చ పాత ఒడంబడిక మీదను నీటి పరిమాణము మీదనే సాగినది. నూటయిరువదియేడు సంవత్సరములు గడచినను మన వివాదములలో నీరు ఘనపుటడుగులలోనే కొలువబడుచున్నది.

ఇక జలాశయముల మాట. కృష్ణగిరి ఆనకట్ట 1957లో కామరాజు నాడారు ముఖ్యమంత్రిగా నుండగా ప్రారంభింపబడినది. నిండు నీటి మట్టము 52 అడుగులు. పట్టునది సుమారు 166 కోట్ల ఘనపుటడుగులు. తొమ్మిదివేల యెకరములకు సాగునీరు. చిత్రమేమన, ఆ 1957వ సంవత్సరమే జూలై 10వ తేదీన హీరాలాల్ చౌదరిగారు, ఆలికున్హిగారు పిట్యూటరీ గ్రంథి రసముతో కార్పు జాతి చేపలచే చెఱువు నీటిలో గ్రుడ్లు పెట్టించి చూపిరి. అంతకుముందు బొచ్చె, రాగండి పిల్లలు కావలెనన్న వఱదనదులలో వల పన్ని పట్టి తేవలసి యుండెడిది. ఆ పరిశోధన తరువాత క్రొత్త ఆనకట్టల జలాశయములలో ఏటేట చేపపిల్లలను వదలి పెంచుట సాధ్యమయ్యెను. జిలేబి చేప యని ఇచ్చట పిలుచుకొను తిలాపియా 1952లోనే దేశమునకు వచ్చియుండెను. పుట్టిపై కూర్చుండి తెల్లవాఱుజామున వల తీయువారి జీవనము, ఆనకట్ట ప్రక్క వేపుడు చేపల దుకాణముల సందడి ఆ కాలపు ఫలములే. ఈ నదినుండియే నెడుంగల్ ఆనకట్ట ద్వారా నీరందు బారూరు పెద్దచెఱువు ప్రక్కన నేడు మత్స్య విశ్వవిద్యాలయమువారి పరిశోధనా కేంద్రమును కలదు.

కెలవరపల్లి జలాశయము కృష్ణగిరి ఆనకట్టకు చాలకాలము తరువాతిది. నిండు మట్టము 44 అడుగుల పైచిలుకు, పట్టునది 48 కోట్ల ఘనపుటడుగులు, సాగు సుమారు ఎనిమిదివేల యెకరములు. నది తమిళనాటిలో కొడియాలము ప్రాంతమున అడుగిడిన పిమ్మట మొట్టమొదట నిలుచు తావు ఇదియే. ఎగువనుండి వచ్చునది మంచియైనను చెడ్డయైనను ముందుగా దీని గర్భముననే దిగును. కెలవరపల్లి వడగట్టినదే కృష్ణగిరికి చేరును.

ఎగువనుండి వచ్చుచున్నదేమి? 1537లో కెంపేగౌడ బెంగళూరు కోట కట్టి, చుట్టును చెఱువులు త్రవ్వించెను. ఒక చెఱువు అలుగు మఱియొక చెఱువునకు పాఱునట్లు గొలుసుగా అమర్చిన చెఱువులతో ఆ పట్టణము పెరిగినది. (ఈ కెంపేగౌడ పేరిట గంగాగౌరీ విలాసమను తెలుగు యక్షగానము ప్రసిద్ధము, గంగ గతి ఇట్లగునని ఆయన యూహించి యుండడు.) ఆ గొలుసులలో నొకటి బెళ్లందూరు చెఱువులో పడి, అచ్చటినుండి వర్తూరు చెఱువులో పడి, అచ్చటినుండి దక్షిణ పినాకినిలో కలియును. పట్టణము పెరిగి, 1974 మొదలు కావేరి నీటిని సుమారు నూఱు కిలోమీటర్ల దూరమునుండి పంపులతో ఎక్కించి తెచ్చుకొన నారంభించినది. తెచ్చుకొనిన నీరు వంటింట, స్నానపుగదిలో, కార్ఖానాలలో వాడబడి ఎచ్చటికో పోవలెను గదా! పల్లమెఱుగును గనుక పాత చెఱువుల గొలుసునే పట్టుకొన్నది. నగరపు మురుగులో నూటికి నలువది వంతులు బెళ్లందూరు చెఱువునకు చేరుచుండెనని పలుమాఱులు లెక్కలు వేసిరి. 2015లో ఆ చెఱువు నురుగునకు నిప్పంటుకొన్నది. 2017 ఫిబ్రవరిలో మఱల మండినది. 2018 జనవరిలో మఱల మండినది. నీటికి నిప్పంటుట సామెతలలో అసంభవమునకు దృష్టాంతము. దానిని ఈ తరము కన్నులార చూచినది. 2018 డిసెంబరులో జాతీయ హరిత న్యాయాధికరణము కర్ణాటక ప్రభుత్వమును 500 కోట్ల రూపాయలు ప్రత్యేక ఖాతాలో నుంచవలసినదిగాను, 50 కోట్లు చెల్లింపవలసినదిగాను ఆజ్ఞాపించి, పర్యవేక్షణకు న్యాయమూర్తి సంతోష్ హెగ్డేగారి యాధ్వర్యమున సంఘమును నియమించినది.

నురుగు చూచినవారు నురుగే విషమనుకొందురు. నురుగు కంటికి కనుపించు గుర్తు మాత్రమే. బట్టల సబ్బుపొడులలోని పదార్థములు నీటిలో నుండగా, ఆనకట్ట తలుపులు తెఱచి నీరు పైనుండి పడి చిలుకబడినప్పుడు నురుగు లేచును. చేపలను చంపునది వేఱు. మురుగులో భాస్వరము, నత్రజని సమృద్ధిగా నుండును. పొలమునకు ఎఱువైనట్లే అవి నీటికిని ఎఱువై, నాచును, గుర్రపుడెక్కను విపరీతముగా పెంచును. పగలు సూర్యకాంతిలో నాచు ప్రాణవాయువు నిచ్చును. రాత్రి తానే దానిని పీల్చుకొనును. మురుగును జీర్ణము చేయు సూక్ష్మజీవులును ప్రాణవాయువునే వాడుకొనును. అందుచే తెల్లవాఱుటకు ముందు నీటిలోని ప్రాణవాయువు అడుగంటును. చేపలు నీటి పైకి వచ్చి నోరు తెఱచి గ్రుక్కలు మ్రింగుట అప్పుడు కనుపించును. వేసవిలో బెంగళూరున హఠాత్తుగా గట్టి వాన కురిసినప్పుడు మఱింత ప్రమాదము. కాలువలలోను చెఱువుల యడుగునను నెలల తరబడి కుళ్లిన నల్లని మడ్డి నంతటిని ఆ వఱద ఒక్కుమ్మడి దొర్లించుకొని వచ్చును. దానితో వచ్చు అమోనియా చేప మొప్పలను కాల్చును.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు నీటిని అయిదు తరగతులుగా విభజించిరి. చేపలు బ్రదుకదగినది నాలవ తరగతి. దానిలో లీటరునకు ప్రాణవాయువు 4 మిల్లీగ్రాములకు తగ్గరాదు, స్వేచ్ఛా అమోనియా 1.2 మిల్లీగ్రాములకు మించరాదు. సేద్యమునకు తగినది అయిదవ తరగతి. దానికి ఈ రెండు నియమములును లేవు. అనగా చేప చచ్చిన నీరు కాగితముపై పొలమునకు పనికివచ్చు నీరుగా చెల్లిపోవచ్చును. కాలువ క్రింది రైతు కాళ్లు దురదలు పెట్టుచున్నవని చెప్పినను నమ్మనివారు, టొమాటోలు, పూలు పైకి బాగుగనే యున్నవి గదా యని ప్రశ్నించువారు కలరు. చేప సాక్ష్యము కఠినమైన సాక్ష్యము. అందులోను ఏ చేప యనునది ముఖ్యము. మార్పు, కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొని బ్రదుకగలవు. జిలేబి ఎట్టి నీటినైనను కొంత ఓర్చుకొనును. బొచ్చె, రాగండి ఓర్చుకొనలేవు. వల బరువు తగ్గకపోయినను, వలలో బొచ్చె మాయమై జిలేబి, మార్పు మిగిలినచో, ఆ చెఱువు జబ్బుపడినదని వ్రాసికొనవచ్చును. మత్స్యకారులకు ఇది వెన్నతో పెట్టిన విద్య. వారిని అడుగువారే లేరు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. దానిని దాచి వ్రాయుట న్యాయము కాదు. దక్షిణ పినాకిని స్వభావముచే వానకాలపు నది, వేసవిలో ఎండిపోవలసినది. నేడు ఏడాది పొడుగున కెలవరపల్లిలోనికి నీరు వచ్చుచున్నదన్న అది చాలవఱకు బెంగళూరు వాడి విడిచిన నీరే. మురుగు ఆగవలెనని కోరుట సులభము. మురుగుతోబాటు నీరును ఆగినచో ఎనిమిదివేల యెకరముల గతి యేమి? ఇది ఊహ కాదు. కోరమంగల చల్లఘట్ట లోయ మురుగును శుద్ధిచేసి దినమునకు 44 కోట్ల లీటర్లు కోలారు జిల్లా చెఱువులకు ఎత్తిపోయు పథకమును కర్ణాటకవారు 2018లో మొదలుపెట్టిరి. కోలారువారు కఱవుతో అలమటించినవారే, వారిలో మన తెలుగువారును పెక్కుమందే. వారి చెఱువులు నిండుటను చూచి మనము ఏడ్వరాదు. అచ్చటను తొలినాళ్లలోనే ఒక చెఱువున నురుగు కనుపించి, వ్యవహారము న్యాయస్థానముల కెక్కినది. ఆ నీరు అటు మళ్లిన కొలది, ఇటు వచ్చునది శుద్ధి కాని మిగులు మురుగే యగునను భయము మన రైతులకు కలదు. కనుక మనము కోరవలసినది నీరు ఆపుడని కాదు, నీరు మళ్లింపుడనియు కాదు, కడిగి పంపుడని.

ఎగువవారినే నిందించి ఊరకుండుటయు నాకు సమ్మతము కాదు. హోసూరు పారిశ్రామికవాడ యేర్పడిన పిదప ఊరు ఎన్నియో రెట్లు పెరిగినది. పట్టణము నడుమనున్న రామనాయకుని చెఱువునకు కర్ణాటకనుండి చుక్క మురుగును రాదు. అందు చేరినదంతయు మన యిండ్లదే. బెంగళూరుపై మహజరు వ్రాయు చేతితోనే పూజాపుష్పములను ప్లాస్టిక్ సంచితో సహా చెఱువులోనికి విసరువారిని చూచుచున్నాము. హైదరాబాదువారి హుసేన్ సాగరు 1562 నాటిది. ఒకప్పుడు త్రాగునీటి చెఱువు. దానిని పాడుచేయుటకు ఏ పొరుగు రాజ్యమును రాలేదు. కొల్లేటి సరస్సును చేపల చెఱువుల గట్లతోనే కోసి ముక్కలు చేసికొని, 1999లో అభయారణ్యముగా ప్రకటించి, 2006లో ప్రభుత్వమే ఆ గట్లను కొట్టించవలసి వచ్చినది. సరిహద్దు లేకున్నను చెఱువు చెడవచ్చును. సరిహద్దు ఉన్నచో చెఱిచినవానిని పట్టుకొనుట కష్టమగును. శాసనకర్త దోషమన్నది ఇందుకేయని నాకు తోచును. పాపము చేసినవాడొక రాజ్యమున, ఫలమనుభవించువాడు మఱొక రాజ్యమున నుండుట.

ఈ దోషమునకు పరిహారము లేదా యని ప్రపంచమున వెదకినచో, ఒక దృష్టాంతము దొరకును. అమెరికా సంయుక్త రాష్ట్రములు, కెనడా అను రెండు దేశముల సరిహద్దు ఏరీ యను మహాసరస్సు నడుమనుండి పోవుచున్నది. 1909లో ఆ సరిహద్దు నీటిని గూర్చి చేసికొనిన సంధిలోనే, ఒక ప్రక్కవారు నీటిని చెఱిచి రెండవ ప్రక్కవారి ఆరోగ్యమునకు గాని ఆస్తికి గాని హాని చేయరాదని ఒక వాక్యము వ్రాసికొనిరి. ఇరుపక్షముల సభ్యులతో నొక ఉమ్మడి సంఘమును నెలకొల్పిరి. మన 1892 ఒడంబడికకు పదునేడేండ్లు మాత్రమే తరువాతిది. కాని మన కాగితములో లేని వాక్యము అందు కలదు. వాక్యమున్నంత మాత్రమున నీరు బాగుపడలేదు, అదియును చెప్పవలెను. 1960ల నాటికి ఏరీ సరస్సు చచ్చినదని పత్రికలు వ్రాసినవి. దానిలోనికి పాఱు కయహోగా నది 1969 జూన్‌లో మంటలంటుకొన్నది. మన బెళ్లందూరుకు అది పెద్దన్న. కాని ఉమ్మడి సంఘము అంతకు ముందే రోగము భాస్వరమని లెక్కలతో తేల్చి యుండెను గనుక, 1972లో ఇరుదేశములును నీటి నాణ్యత ఒడంబడిక చేసికొని, ఎవరెంత భాస్వరము తగ్గింపవలెనో అంకెలతో వ్రాసికొనిరి. సబ్బుపొడులలో భాస్వరము తగ్గించిరి, మురుగు శుద్ధి కేంద్రములపై విశేషముగా ధనము వెచ్చించిరి. సరస్సు తేఱుకొన్నది, వాల్ ఐ యను చేప మఱల విస్తారముగా దొరకెను. తరువాత పొలముల ఎఱువులు కొట్టుకొని వచ్చి నాచు మఱల ప్రబలి, 2014 ఆగస్టులో టొలీడో నగరవాసులు రెండు మూడు దినములు కొళాయి నీరు ముట్టరాని స్థితి కలిగెను. ఒకసారి బాగుచేసి చేతులు దులుపుకొను పని కాదన్నమాట.

రెండు పరదేశములు చేసికొనగలిగిన ఒడంబడిక ఒకే దేశములోని రెండు రాష్ట్రములు ఏల చేసికొనరాదు? 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టము దేశమంతటికి ఒక్కటే. కొడియాలము వద్ద నది సరిహద్దు దాటు తావున ప్రాణవాయువు, అమోనియా, భాస్వరము ఎంతయో ఇరు రాష్ట్రములవారును కలిసి కొలిచి, ఇరువురును సంతకము చేసిన అంకెను ప్రతిదినము ప్రకటించినచో సగము వివాదము తీఱును. నేడు తలొక మండలి తలొక నమూనా తీసి, నీ నీరు మురికి, నా నీరు శుద్ధమని వాదించుచున్నంతకాలము పుస్తకములు నిండును గాని చేప బ్రదుకదు. రెండవది, పాశిపాట్టపు యుక్తిని మఱల తేవచ్చును. కెలవరపల్లిలోను, కృష్ణగిరిలోను, మన ఊరి చెఱువులలోను చేపల వలన వచ్చు రాబడిలో కొంత ఆ చెఱువు పేరిటనే నిలువయుంచి, ప్రతి పట్టులో ఏ జాతి చేప ఎన్ని మణుగులో మత్స్యకారులచేతనే లెక్క వ్రాయించి, ఆ లెక్కను పంచాయతీ గోడపై అంటింపవలెను. ఈ పనికి కోటి రూపాయల యంత్రము లక్కఱలేదు. ఒక రిజిస్టరు, ఒక త్రాసు చాలును.

మన కుటుంబములకు మఱియొక సదుపాయము కలదు. గీతకు ఈవల మనము, ఆవల ఆనేకల్లు, సర్జాపురము, మాలూరు, వర్తూరు వైపున మన వియ్యాలవారు. మన పిల్లలలో పెక్కుమంది ప్రతిదినము బెంగళూరునకు కొలువులకు పోయి వచ్చుచున్నారు. ఆ నగరపు సబ్బునీటిలో మన వంతును కలదు. కన్నడమున అర్జీ వ్రాయగలవారు, తమిళమున కలెక్టరు కచేరిలో మాటలాడగలవారు, తెలుగున పుట్టివారితో ముచ్చటింపగలవారు మన యొక్క యింటనే దొరకుదురు. కొడియాలము ఉమ్మడి కొలతను గూర్చిన అర్జీని మూడు భాషలలోను వ్రాసి, ఇరు రాష్ట్రముల మండలులకును ఒకే దినమున అందజేయుట మన సంఘము చేయదగిన పని. అంతవఱకు ఒక చిన్న ఏర్పాటు రేపే మొదలిడవచ్చును. వేసవిలో బెంగళూరున తొలి గట్టివాన కురిసిన రాత్రి, అచ్చటి బంధువులు ఇచ్చటివారికి టెలిఫోనున ఒక మాట చెప్పినచో, నల్లనీరు సరిహద్దు దాటులోపల కెలవరపల్లి మత్స్యకారులు ఉన్న చేపను పట్టుకొని, వలలు గట్టునకు తీసికొనుటకు వ్యవధి దొరకును.